ఆకు తిప్పి చూడకుండా మందు కొట్టకండి: పెరటి కూరగాయల జబ్బులు ఎట్లా గుర్తుపట్టాలి, ఏం చేయాలి

మా ఇల్లు నల్లగొండలో. వెనక రెండు మడులు పట్టేంత జాగా ఉంది, మేడ మీద ఓ ముప్పై దాకా పాత బకెట్లు, పెయింటు డబ్బాలు. టమాట, మిరప, వంగ, బెండ, బీర, కాకర, చిక్కుడు, పుంటికూర, తోటకూర, అంతకు మించి ఏమీ లేదు. మొదటి ఏడాది ఏ ఆకు పసుపుబారినా మందుల దుకాణానికి ఉరికేవాణ్ణి. "చెట్టు వాడిపోతుంది" అనగానే వాళ్లు మూడు డబ్బాలు ముందు పెట్టేవాళ్లు, పురుగుకు ఒకటి, తెగులుకు ఒకటి, టానిక్ ఒకటి. "మూడూ కలిపి కొట్టు అన్నా, ఏదో ఒకటి పనిచేస్తది." ఏదీ పనిచేయలేదు. నాలుగు రోజులకు చెట్టు పీకి చూస్తే బకెట్ అడుగున రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు నిలిచి వేర్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. అంటే ఒక మేకు తీసుకుని రంధ్రం పొడిస్తే పోయేదానికి నేను మూడు రకాల విషం కొట్టాను, అదీ మేము తినే టమాట మీద.

అందుకే ఈ రాసేదంతా మందుల గురించి కన్నా చూడటం గురించే ఎక్కువ.

ముందు చూడండి

పొద్దున ఎండ ఎక్కకముందు చెట్టు దగ్గర కూర్చోండి, నిలబడి చూస్తే కనపడేది ఆకు పైభాగం ఒక్కటే, మనకు కావలసిందేమో ఆకు కింద ఉంటుంది. తెల్లదోమ, పేనుబంక, నల్లి, బూజు, పురుగు గుడ్లు అన్నీ ఆకు అడుగునే. చిన్న భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూసినా సరిపోతుంది. ఇంకో పద్ధతి, ఒక తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని కొమ్మను రెండు దెబ్బలు తట్టండి. సన్నగా దారప్పోగు ముక్కల్లాంటివి పడి ఉరుకుతుంటే అవి తామర పురుగులు. చుక్కల్లాంటివి మెల్లగా పాకుతుంటే నల్లి. ఏమీ పడకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి.

తర్వాత, జబ్బు ముసలి ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా? ఈ ఒక్క ప్రశ్నకే సగం జవాబు దొరుకుతుంది. కింది ముసలి ఆకులు మొత్తంగా పసుపుబారి రాలుతుంటే నత్రజని చాలడం లేదన్నమాట, మాగిన పెంట ఎరువు వేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. పై లేత ఆకులు పసుపుబారి, వాటిలో ఈనెలు మాత్రం పచ్చగా గీసినట్టు కనపడితే అది ఇనుము లోపం. మన జిల్లాలో ఇది ఇంటింటి కథ. బోరు నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉంటాయి, బకెట్ అంచు మీద తెల్లటి పొర కడుతుంది చూడండి, ఆ నీళ్లు పోసీ పోసీ మట్టి క్షారంగా మారిపోతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టండి, వారం ఆగి మళ్లీ ఒకసారి. అన్నభేది అంటే దుకాణంలో ఫెర్రస్ సల్ఫేట్ అని ఇస్తారు. నిమ్మ ఉప్పు కిరాణంలోనే దొరుకుతుంది. ఆకు తేరుకుంటుంది కానీ పోసే నీళ్లు మారకపోతే లోపం మళ్లీ వస్తుంది, కనుక వీలైనప్పుడు వాన నీళ్లో, మిషన్ భగీరథ నల్లా నీళ్లో పోయండి. మేడ మీద వానాకాలంలో నేను ఒక డ్రమ్ము నింపి పెట్టుకుంటాను.

మూడోది, వాడటం. మధ్యాహ్నం ఒంటిగంటకు బీర ఆకులు గుడ్డపేలికల్లా వేలాడుతుంటే భయపడకండి, మే నెలలో నల్లగొండ ఎండకు మనమే అట్లా ఉంటాం. సాయంత్రం ఆరింటికి మళ్లీ లేచి నిలబడితే ఏ జబ్బూ లేదు. సాయంత్రానికీ లేవలేదు, మట్టిలో వేలు పెడితే తడిగానే ఉంది అంటే మాత్రం వేరులోనో కాండంలోనో తేడా ఉంది. అట్లాంటప్పుడు ఇంకో చెంబు నీళ్లు పోశారంటే చెట్టును మీరే చంపినట్టు.

నాలుగోది, ఒక్క చెట్టుకే వచ్చిందా, అన్ని రకాల చెట్లకూ ఒకే రోజు వచ్చిందా? తెగుళ్లు సాధారణంగా ఒక జాతిని పట్టుకుంటాయి, ఒక మూల మొదలై పాకుతాయి. టమాట, బెండ, చిక్కుడు అన్నీ కలిసి రెండు మూడు రోజుల్లో వంకర తిరిగాయంటే అది జబ్బు కాదు, మనం చేసిన పనే. నాకు జరిగింది చెప్తాను. దేవరకొండ దిక్కు మా ఊర్లో చిన్నాయన దగ్గర చేతిపంపు తెచ్చుకున్నాను, వేపనూనె కొడదామని. అయిదు రోజులకు టమాట కొత్త ఆకులన్నీ సన్నగా తాళ్లలాగా సాగి మెలితిరిగాయి. వైరస్ అనుకుని పదకొండు చెట్లు పీకేశాను. తర్వాత చిన్నాయన వచ్చి చూసి, "అరే, నేను దాంతోనే ఒడ్డు మీద గడ్డిమందు కొట్టిన కదరా" అన్నాడు. 2,4-డి అనే గడ్డిమందు టమాటకు, పత్తికి, తీగలకు రవ్వంత తగిలినా చాలు. పంపు ఒకటి రెండుసార్లు కడిగితే పోదు. గడ్డిమందు కొట్టిన పంపును కూరగాయల దగ్గరికి తేకండి, పక్కన పొలమో ఖాళీ ప్లాటో ఉంటే వాళ్లు ఏ రోజు ఏం కొట్టారో కూడా అడిగి తెలుసుకోండి.

మిరప

మిరప ముడత అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. రెండు ముడతలున్నాయి, రెండింటికీ మందు వేరు. ఆకు అంచులు పైకి లేచి పడవలాగా అయితే పై ముడత, అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, బోర్లించిన పడవలాగా అయి, ఆకు ముదురు ఆకుపచ్చగా సన్నబడి, కాడ ఎలుక తోకలా సాగితే కింద ముడత, అది నల్లి పని. నల్లి పురుగు కాదు, సాలీడు జాతిది, ఎనిమిది కాళ్లది, అందుకే మామూలు పురుగుమందులు దాని మీద పనిచేయవు, పైగా నల్లిని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా. అయితే ఎండ బాగా ఉన్న రోజుల్లో గంధకం కొడితే ఆకు మాడుతుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపల కూడా గంధకం వద్దు.

తామర పురుగుకు గంధకంతో లాభం లేదు. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వారానికొకసారి కొట్టండి, పూతలో కూడా చూడండి. 2021-22లో మిరప రైతులను ముంచిన నల్ల తామర పురుగు పూవులోనే దాక్కునేది, పూవు తెంపి అరచేతిలో దులిపితే పడేవి. పెరటిలో నాలుగు చెట్లే కనుక పురుగు పట్టిన పూలు చేత్తో తెంపేసి సబ్బు నీళ్లలో వేస్తే సరిపోతుంది, రైతుకు ఆ వీలు లేదు పాపం.

ముడతతో పాటు ఆకులో లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగాపులగంగా ఉండి చెట్టు గిడసబారితే వైరస్. దాని గురించి కింద చెప్తాను. వానాకాలం చివర్లో కొమ్మలు పైనుంచి కిందికి ఎండుతూ, పండు మిరపకాయ మీద గుంట పడిన మచ్చ వస్తే కొమ్మ ఎండు, కాయకుళ్లు తెగులు. ఎండిన కొమ్మను పచ్చ భాగం రెండు అంగుళాలు కలిపి కత్తిరించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకు 3 గ్రాములు కొట్టాలి.

టమాట

ఎక్కువ ఏడిపించేది ఇదే, కనుక కొంచెం ఎక్కువ రాస్తాను.

ఆకు ముడత ఇక్కడా రెండు రకాలు. ఎండాకాలంలో కింది ఆకులు నిలువుగా గొట్టంలా చుట్టుకుని మందంగా, పచ్చగానే ఉండి, చెట్టు పెరుగుతూ పూస్తూ ఉంటే అది ఎండ వల్లనో నీళ్ల ఎచ్చుతగ్గుల వల్లనో వచ్చింది, గ్రీన్ నెట్ కడితే సర్దుకుంటుంది. అట్లా కాకుండా పైన కొత్త ఆకులు చిన్నవై, అంచులు పసుపై పైకి ముడుచుకుని, కణుపులు దగ్గరై చెట్టు పొదలాగా అయి పూత రాలిపోతుంటే అది ఆకుముడత వైరస్. చెట్టును ఊపండి, తెల్లగా పొట్టు ఎగిరినట్టు తెల్లదోమ లేస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, మచ్చ లోపల ఒకదానిలో ఒకటి వలయాలు, కోసిన చెట్టు మొద్దు మీద కనపడే గీతల్లాగా, చుట్టూ పసుపు. ఇది ఆకుమాడు తెగులు. శిలీంధ్రం మట్టిలో ఉంటుంది, నీళ్లు పోసినప్పుడు మట్టి చిట్లి కింది ఆకుకు అంటుకుంటుంది, అక్కడినుంచి మెట్లెక్కినట్టు పైకి పోతుంది. నేలకు జానెడు ఎత్తు వరకు ఆకులు తీసేయండి, మొదట్లో వరిగడ్డి పరవండి, పైపుతో నెత్తిమీద కాకుండా మొదట్లో నీళ్లు పోయండి. ఈ మూడు చేస్తే చాలావరకు ఆగిపోతుంది. ముసురు పట్టి ఆగకపోతే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరుకు 2.5 గ్రాములు, పది రోజుల ఎడంతో రెండుసార్లు.

కాయ అడుగున నల్లగా, తోలులాగా గుంట పడితే దాన్ని చూసి ఎవరో ఒకరు తెగులు మందు చెప్తారు. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందలేదు. మన మట్టిలో సున్నం తక్కువేమీ కాదు, దాన్ని మోసుకెళ్లే నీళ్లు ఒకరోజు బొక్కెనెడు, మూడు రోజులు చుక్క లేకుండా పోయడం వల్ల అట్లా అవుతుంది. రోజూ కొంచెం కొంచెం పోయండి. కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువ వేసిన కుండీల్లో నిజంగానే కాల్షియం తక్కువ ఉండొచ్చు, అప్పుడు కాల్షియం నైట్రేట్ లీటరుకు 5 గ్రాములు కొట్టవచ్చు. కోడిగుడ్డు పెంకులు మంచివే కానీ అవి కరిగేసరికి ఈ పంట అయిపోతుంది. అట్లాగే కాయ పగలడం కూడా నీళ్ల తేడాయే. కాయ మీద ఎండ వైపు తెల్లగా కాగితంలా మచ్చ పడితే ఎండదెబ్బ, ఆకులు మరీ ఎక్కువ కత్తిరించారన్నమాట.

ఇంక వడలు తెగులు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు ఆకు పసుపు కాకుండానే ఒక్కసారిగా వాలిపోతుంది. మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటినుంచి పాలలాంటి తెల్లటి దారాలు కిందికి జారితే అది బ్యాక్టీరియా. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది, అంతా ఆ కాండంలో అడ్డుపడి ఉండబట్టే నీళ్లు పైకి పోలేదు. దీనికి మందు లేదు. చెట్టును వేరు చుట్టూ మట్టితో సహా తీసి ఇంటికి దూరంగా పడేయండి, చేతులు, కత్తెర సబ్బుతో కడగండి, ఆ మడిలో టమాట, వంగ, మిరప, ఆలు వేయకండి, అన్నీ ఒకే కుటుంబం. మక్కజొన్నో ఆకుకూరో వేసుకోండి.

తెల్లదారాలు రాకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమ గీతలుండి, ఆకులు ఒక పక్క నుంచి పసుపుబారుతూ వచ్చి ఉంటే అది శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. ఉన్న చెట్టు దక్కదు, వచ్చే పంటకు ట్రైకోడెర్మా విరిడె అనే మేలుచేసే శిలీంధ్రం పొడిని మాగిన పెంట ఎరువులో కలిపి, తడి చల్లి, నీడలో గోనెసంచి కప్పి పది రోజులు ఉంచి మట్టిలో కలపాలి. పెరటి అంతటికీ తట్టెడు ఎరువు, పిడికెడు పొడి చాలు.

పీకినప్పుడు వేరు కూడా చూడండి. వేరంతా ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే నులిపురుగులు, మట్టిలో ఉండి వేరులో చేరే నెమటోడ్లు. చిక్కుడు, గోకర వేర్ల మీద బొడిపెలు మాత్రం మంచివి, నత్రజని పట్టేవి. తేడా ఎట్లా అంటే, మంచి బొడిపె గోరుతో గీకితే ఊడిపోతుంది, నులిపురుగు ముడి వేరులో భాగమే కనుక ఊడదు.

బెండ, వంగ

బెండకు పల్లాకు తెగులు. ఈనెలన్నీ పసుపు వలలా మెరుస్తాయి, మధ్యలో ఆకు పచ్చగా ఉంటుంది, ముదిరితే ఆకంతా పసుపే, కాయ పాలిపోయి గట్టిపడుతుంది. పైన చెప్పిన ఇనుము లోపానికి ఇది సరిగ్గా తలకిందులు, అక్కడ ఆకు పసుపు, ఈనె పచ్చ. ఇక్కడ ఈనె పసుపు, ఆకు పచ్చ. ఇది గుర్తుంటే అన్నభేది వృథా కాదు, చెట్టు పీకాల్సిన రోజున జాలిపడి ఉంచుకోరు. అర్క అనామిక, పర్భణి క్రాంతి లాంటి తట్టుకునే రకాలు ఉన్నాయి, వాటికి కూడా అసలే రాదని కాదు, తక్కువగా వస్తుంది.

బెండ ఆకు అంచులు పసుపై తర్వాత ఎర్రబడి కప్పులా పైకి లేస్తే పచ్చదోమ రసం పీలుస్తున్నట్టు, వేపనూనెకు లొంగుతుంది. కొమ్మ కొసన తెల్లటి దూది ముద్దలు పిండినల్లి. గట్టిగా నీళ్ల ధార కొట్టి రాల్చి, సబ్బు నీళ్లు కొట్టండి. చుట్టుపక్కల వయ్యారిభామ ఉంటే పీకేయండి, పిండినల్లికి అదే పుట్టిల్లు.

వంగలో లేత కొసలు తలవాలిస్తే లోపల కొమ్మ తొలిచే పురుగు ఉంటుంది. వాలిన చోటికి అంగుళం కింద గిల్లి సబ్బు నీళ్లలో వేయండి. రోజూ పొద్దున టీ తాగుతూ చేసే పని ఇది, దీనికి మందు కొట్టడం దండగ, పురుగు లోపలుంటే మందు బయట ఉంటుంది. వంగ ఆకులు చీమచింత ఆకంత చిన్నవై గుత్తుగా వచ్చి పూతే రాకపోతే వెర్రి తెగులు, దీపపు పురుగులు మోసుకొచ్చేది, పీకడమే.

తీగలు

బూడిద, బూజు అని రెండు తెగుళ్లు, పేర్లు దగ్గరగా ఉంటాయి, ఆకు తిప్పితే తేలిపోతుంది. ఆకు మీద ముగ్గుపిండి చల్లినట్టుంటే బూడిద. ఆకు పైన ఈనెల మధ్య మూలలు తేలిన పసుపు మచ్చలు, తెల్లవారి మంచులో తిప్పి చూస్తే అదే మచ్చ అడుగున బూడిద, ఊదా రంగు నూగు ఉంటే బూజు. బూడిదకు పుల్లటి మజ్జిగ, లీటరు మజ్జిగకు తొమ్మిది లీటర్ల నీళ్లు, వడగట్టి అయిదారు రోజులకోసారి. తొలి మచ్చలప్పుడే కొడితే పనిచేస్తుంది, ఆకంతా తెల్లబడ్డాక కాదు. తీగ జాతికి గంధకం పడదు, కాలిపోతుంది, ఈ తప్పు చాలామంది చేస్తారు. బూజుకు మజ్జిగ చాలదు, ఆకులు తీసేసి గాలి ఆడేలా పందిరి మీద పలచన చేసి మాంకోజెబ్ కొట్టాలి.

పాలమూరులో మా వదిన ఫోన్ చేసి, "బీరపిందెలన్నీ వేలంత కాగానే పసుపై రాలుతున్నయ్, ఏం మందు?" అని అడిగింది. మేడ మీద ఒకటే తీగ, తేనెటీగ రాదు, అది జబ్బెట్లా అవుతుంది? మగపూవు తెంపి రెక్కలు తీసేసి ఆడపూవు మధ్యలో రుద్దమని చెప్పాను. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుతాయి, కాకర, దోస పొద్దున. వేళ తప్పితే ఎంత రుద్దినా పిందె నిలవదు. వదిన మొదటి రెండు రోజులు పొద్దున రుద్దింది, మూడో రోజు సాయంత్రం రుద్దాక కాయ నిలిచింది.

కాయ వంకర తిరిగి, సూదిపోటు మచ్చ దగ్గర జిగురు కారి, కోస్తే తెల్ల పురుగులుంటే పండు ఈగ. పిందె కట్టగానే కాగితం సంచో పాత చీర ముక్కో తొడగండి. రాలిన కాయలను అక్కడే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి.

ఆకుకూరలకు మందు అనే మాటే వద్దు. తోటకూర అడుగున తెల్ల పొక్కులు వస్తే తెల్ల తుప్పు, పాలకూర మీద గుండ్రటి మచ్చలు వస్తే ఆకుమచ్చ, రెండింటికీ మొదలంటా కోసేయండి, పలచగా మళ్లీ విత్తండి. ముప్పై రోజుల పంటకు మందేంటి. టమాట, మిరప, వంగ నారు మాత్రం రెండాకుల దశలో మొదలు దగ్గర నీరుపట్టి పడిపోతే నారుకుళ్లు, నీళ్లు తగ్గించి కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి మట్టి తడిసేలా పోయండి. చిక్కుడు కొసలకు నల్లగా పేనుబంక పడితే ముందు చీమలు చూడండి, చీమలే దాన్ని కాపలా కాస్తాయి. నీళ్ల ధార, తర్వాత సబ్బు నీళ్లు. అక్కడ ఎర్రటి అక్షింతల పురుగో, దాని పిల్ల, చిన్న మొసలిలా ఉంటుంది, అదో కనపడితే ఏమీ కొట్టకండి, నాలుగు రోజులు దానికి వదిలేయండి.

ఇంట్లో కలుపుకునేవి

వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. నూనె నీళ్లలో కలవదు, ముందు నూనెలో కొంచెం ద్రవ సబ్బు కలిపి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ తిప్పితే పాలలాగా అవుతుంది. పైన నూనె తేలుతుంటే కొట్టకండి, ఆకు కాలుతుంది. లేదా వేప గింజల పొడి 50 గ్రాములు గుడ్డలో కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండండి, ఇది అన్నిటికన్నా చవక, వానాకాలం మొదట్లో చెట్ల కింద గింజలు ఏరుకుంటే చాలు. ఏది కొట్టినా ఎండ పడమటికి వాలాక, ఆకు అడుగున తడిసేలా, వారానికి ఒకసారి. సబ్బు నీళ్లంటే లీటరుకు 5 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు, బట్టల సబ్బు పొడి కాదు. కొత్త మందేదైనా ముందు ఒక ఆకు మీద కొట్టి మరునాడు చూసి తర్వాత చెట్టంతా కొట్టండి.

బోర్డో మిశ్రమం కొంచెం పనితో కూడుకున్నది కానీ వానాకాలంలో ఆకుమచ్చలకు బాగుంటుంది. 10 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో ప్లాస్టిక్ గిన్నెలో కరిగించండి, 10 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో. మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపండి. ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రటి పూత పడితే ఇంకొంచెం సున్నం వేయాలి. ఆ రోజే వాడేయాలి.

తెల్లదోమకు పసుపు అట్ట, పాత నూనె డబ్బాకు పసుపు పెయింటు వేసి ఆముదం పూసినా అంతే. అట్ట తెల్లదోమ ఎంత ఉందో చెప్తుంది, పూర్తిగా పోగొట్టదు.

వైరస్‌కు మాత్రం ఏదీ లేదు. పసుపు నీళ్లు, ఇంగువ, పుల్ల మజ్జిగ, ఎవరేం చెప్పినా వచ్చిన వైరస్ పోదు. ఒక చెట్టు కనపడగానే ముందు వేపనూనె కొట్టి తెల్లదోమను అణిచి, తర్వాత చెట్టు మీద కవర్ కప్పి పీకండి, ఊరికే ఊపి పీకితే దోమ లేచి పక్క చెట్టు మీద వాలుతుంది. చివరి కాయలు పండుతున్న చెట్టయితే ఆ నాలుగు రోజులు ఉంచుకోవచ్చు, నాటిన నెలలోపు వస్తే ఆలోచించొద్దు. మళ్లీ నాటేటప్పుడు నారును దోమ దూరలేని సన్న రంధ్రాల 40 మెష్ నెట్ కింద పెంచండి.

దుకాణంలో కొనాల్సి వస్తే డబ్బా మీద రంగు త్రికోణం చూడండి, మందు ఎంత విషమో అదే చెప్తుంది. ఎరుపు, పసుపు ఇంటికి తేకండి, నీలం, ఆకుపచ్చ వాటిలోనే చూసుకోండి. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కూరగాయల మీద నిషేధం, ఎవరైనా ఇస్తే వద్దనండి. కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో లేబుల్ మీద ఉంటుంది, దాన్ని గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు తెలియక తెంపి వండుతారు.

నులిపురుగులు, ఎండు తెగులు వచ్చిన మడికి మన ఎండే మందు. ఏప్రిల్ చివర మడి తవ్వి, తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి అంచుల మీద మట్టి కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు కాదు, ఎండ లోపలికి దిగేదే కావాలి. రోహిణి కార్తె దాకా అట్లా కాలితే మృగశిరకు విత్తుకోవచ్చు.

ఇన్ని చూసినా అర్థం కాకపోతే కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోండి, నల్లగొండ వాళ్లకు కంపాసాగర్, నాగర్‌కర్నూల్ దిక్కు వాళ్లకు పాలెం, సూర్యాపేట వాళ్లకు గడ్డిపల్లి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఒక్క ఆకు జేబులో పెట్టుకుని పోకండి, దారిలోనే వాడిపోతుంది. పొద్దున్నే చెట్టును వేరుతో, పిడికెడు మట్టితో తవ్వి, పాత పేపర్లో చుట్టి, వీలైతే పక్కనున్న మంచి చెట్టు కొమ్మ కూడా ఒకటి పట్టుకుని అదే రోజు పోండి.